గురప్ప విప్పనివ్వని కంకణం

కార్వేటినగరం చుట్టుపక్కల ఊళ్లలో గురప్పను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన అయ్యవారే. బడిలో అయ్యవారు కాదు, భారతం అయ్యవారు. ఎండలు ముదిరాయంటే ద్రౌపదమ్మ గుడి ఉన్న ప్రతి ఊళ్లోనూ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు. ఆ నాటకానికి ఊరి కుర్రవాళ్లనే పోగుచేసి, పద్యాలు వల్లె వేయించి, అడుగులు దిద్ది, తాళం తప్పితే నెత్తిమీద ఒక్కటిచ్చి, ఆఖరి రోజు అగ్గిగుండం దాకా నడిపించే పని గురప్పది. మనిషి తాటిచెట్టంత ఉండేవాడు. గొంతెత్తి పద్యం అందుకుంటే పక్క ఊరి కుక్కలు కూడా మొరిగేవి.

ఆయనకొక పిచ్చి ఉండేది. బుద్ధిమంతులకు వేషాలు ఇచ్చేవాడు కాదు. ఊళ్లోకి అడుగుపెట్టగానే, "ఈ ఊర్లో బాగా తాగే పిల్లోళ్లు ఎవురబ్బా?" అని అడిగేవాడు. పెద్దమనుషులు ముఖాలు చూసుకునేవాళ్లు. ధర్మరాజు వేషానికి తాగుబోతు ఎందుకయ్యా అంటే, "ధర్మరాజు జూదమాడలేదా? ఆ పిల్లోడు కల్లు తాగినాడు. ఇద్దురికీ సరిపోయిందిలే" అనేవాడు.

ఈ పిచ్చికి కారణం ఆయన తమ్ముడు గోవిందు. ద్రౌపది వేషం కట్టి సభలో ఏడిస్తే ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవాళ్లు, అంత గొప్ప గొంతు. ఆ రోజుల్లో ఆట ముగిశాక మేళానికి తాంబూలంతో పాటు కల్లుకుండ ఇవ్వడం ఆచారం. కుండ మేళం పెద్ద చేతికి వస్తుంది. ఆయన ముంచి పోస్తేనే తక్కినవాళ్లు తాగాలి. పదిహేనేళ్ల గోవిందుకు మొదటి ముంత పోసింది గురప్పే. ఇరవై ఆరేళ్లకు ఆ పిల్లవాడు కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి మంచం పట్టాడు. ఇకనైనా మానరా అని అన్న బతిమాలితే, "పోసింది నువ్వే కదన్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వారం తిరక్కముందే పోయాడు. ఆ తర్వాత గురప్ప ఏ ఊళ్లోనూ కల్లుకుండ ముట్టలేదు, తన మేళంలో ముట్టనివ్వలేదు.

తాగేవాళ్లను మాన్పించడానికి ఆయన దగ్గర మందూ లేదు, మాకూ లేదు. ఉన్నదల్లా కంకణం. భారతం మొదలైన రోజున పూజారి వేషగాళ్ల కుడిచేతికి పసుపుతాడు కడతాడు. అది చేతికి ఉన్నన్నాళ్లూ కల్లు తాగకూడదు, నీచు తినకూడదు, ఊరి పొలిమేర దాటకూడదు. అగ్గిగుండం తొక్కాక పూజారే విప్పుతాడు. ఇంకొకరు విప్పితే అమ్మవారు ఊరుకోదని నమ్మకం. ఎంత మొండి తాగుబోతైనా ఆ తాడు చేతికి ఉంటే ముంత వైపు చూడడు. గురప్ప దాన్ని పట్టుకుని వేలాడాడు. పద్దెనిమిది రోజులు తాగకుండా ఉన్నవాడు, ఆ తర్వాత కూడా ఉండలేడా అని ఆయన ఆశ.

ఉండేవాళ్లు కాదు. పంతొమ్మిదో రోజు పొద్దునే పాత కథ మొదలయ్యేది. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో సర్కారు చిత్తూరు జిల్లా అంతటా కల్లుదుకాణాలు మూయిస్తే గురప్ప సంబరపడి నూటొక్క కొబ్బరికాయ కొట్టాడు. ఆ టెంకాయ ముక్కలు ఎండకముందే కొండవారల్లో దొంగసారాయి కాయడం మొదలైంది. కల్లు తాగి తూలిన పిల్లలు ఇప్పుడు సారాయి తాగి పడిపోసాగారు. దుకాణాన్ని మూయించవచ్చు గానీ కొండను మూయించేదెవరు? ఏటా పదిమందికి కంకణాలు కట్టించి, ఏటా పదిమందినీ పోగొట్టుకుని, గురప్ప ఇంటికొచ్చి గోడకేసి తాళపుచిప్పలు విసిరికొట్టేవాడు. భార్య కుప్పమ్మ వాటిని ఏరి మళ్లీ ఆయన ముందే పెట్టేది.

ఆ పదిమందిలో ఎర్రమిట్ట చిన్నబ్బ ఒకడు. గురప్ప ఇల్లు కూడా ఆ ఊళ్లోనే. సుబ్బులమ్మ అనే ముండమోపికి ఒక్కగానొక్క కొడుకు. చిత్తూరు మండీకి బెల్లం బండి తోలేవాడు. పోయేటప్పుడు ఎద్దులను వాడు తోలేవాడు, వచ్చేటప్పుడు ఎద్దులే వాణ్ని ఇంటికి చేర్చేవి. అర్జునుడి వేషానికి వాణ్ని మించినవాడు గురప్పకు జీవితంలో దొరకలేదు. అర్జునుడి తపస్సుకని నాటిన తపస్సుమాను మీద, అంత ఎత్తున కూర్చుని వాడు పాశుపతం కోసం పాడుతూ నిమ్మకాయలు విసిరితే, ఒక్కటి దొరికినా కడుపు పండుతుందని పిల్లల్లేని ఆడవాళ్లు కొంగుపట్టి ఏడ్చేవాళ్లు. గోవిందు పోయాక మళ్లీ అంత గొంతు వినలేదని గురప్ప పైకి అనలేదు, అంతే.

నలభై రెండులో భారతం ముగిసిన మూడో రోజున సుబ్బులమ్మ గురప్ప ఇంటికి నడిచి వచ్చింది. విరిగిన ఎడమ చెయ్యికి వెదురుదబ్బలు కట్టి ఉన్నాయి. ఎవరి పనో గురప్ప అడగలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

"అన్నా, ఏడాదికి పద్దినిమిది దినాలేనా నా కొడుకు మనిసి?" అంది.

ఆ మాట గురప్పను ఏడాది పొడుగునా తిననివ్వలేదు. మరుసటి వైశాఖంలో భారతం ఆఖరి రోజున, సాయంత్రం గుండం తొక్కడం అయ్యాక, పూజారి ఓబయ్య ఒక్కొక్కరి కంకణమే విప్పుతూ చిన్నబ్బ దగ్గరికి వచ్చాడు. వాడి కళ్లు అప్పటికే కొండ వైపు చూస్తున్నాయి. గురప్పకు అది కనిపించింది. అంతే, ఒళ్లు విరుచుకుని, జుట్టు విప్పుకుని, గుండం బూడిదలో దభీమని పడ్డాడు. లేచి, ఆడగొంతుతో అరిచాడు.

"విప్పద్దు! నా అర్జునుడి కంకణం విప్పద్దు! మళ్లీ భారతం దాకా వాడు నావాడు!"

మూడు వందల మంది చేతులెత్తి మొక్కారు. ఓబయ్య కంకణం వదిలేసి వెనక్కి తగ్గాడు. చిన్నబ్బ తెల్లమొహం వేసి తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక కుప్పమ్మ కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తూ అడిగింది.

"అమ్మ పలికిందా, నువ్వు పలికినావా?"

"అమ్మే."

"నీ గొంతు నాకు తెల్దా? ముప్పై ఏండ్లు నాతో కొట్లాడిన గొంతు."

"నోరు మూసుకోని పో" అన్నాడు గురప్ప. ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆయన చేసింది తప్పో ఒప్పో ఆమెకూ తెలియలేదు.

తప్పని ఎలా అనుకుంటారు? చిన్నబ్బ తాగలేదు. నెల, రెండు నెలలు, దసరా, దీపావళి, అన్నీ దాటాయి. పొలిమేర దాటకూడదు కనుక బండి మానేశాడు. ఊళ్లోనే చెరకు గానుగ దగ్గర బెల్లం వండే పనిలో కుదిరాడు. బాన ముందు కూర్చుని పాకం ఎప్పుడు దించాలో వాసన పట్టి చెప్పేవాడు. ఒళ్లు తేరింది. సుబ్బులమ్మ చెయ్యి బాగైంది. సాయంత్రాలు ఆమె వాకిట్లో కూర్చుని నలుగురితో మాట్లాడటం ఊరు చూసింది.

గురప్ప ఉబ్బిపోయాడు. వేరే ఊళ్ల నుంచి తల్లులు తమ కొడుకులను వెంటబెట్టుకుని వస్తే, చిన్నబ్బను పిలిపించి వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించేవాడు. "సూడండమ్మా, కంకణం మహిమ!" అనేవాడు. తల్లులు ఆ తాడును కళ్లకద్దుకునేవాళ్లు. చిన్నబ్బ చెయ్యి ఇచ్చి, పక్కకు చూస్తూ నిలబడేవాడు. వాడి మొహం వైపు ఎవరూ చూడలేదు. గురప్ప కూడా చూడలేదు.

నలభై నాలుగు మొదట్లో పిడుగు పడింది. యుద్ధం ఖర్చులని సర్కారు మళ్లీ దుకాణాలు తెరిపించింది. ఇంతకుముందు ఎర్రమిట్టలో దుకాణం లేదు, ఇప్పుడు వచ్చింది. ఎక్కడ? సరిగ్గా గానుగకు ఎదురుగా! చేసే పనికి కాస్త సిగ్గన్నా ఉండక్కర్లేదా అని గురప్ప వీధిలో నిలబడి తిట్టాడు. మూసినవాళ్లూ వాళ్లే, తెరిచినవాళ్లూ వాళ్లే, మధ్యలో నవ్వులపాలైంది తను. దుకాణం వాడు బీడీ వెలిగించుకుని, "ఒక ముంత తాగి తిట్టు అయివోరా, గొంతు ఎండిపోతాది" అన్నాడు.

ఐదారు రోజులకు చిన్నబ్బ గురప్ప ఇంటికి వచ్చాడు. చేతిలో కార్డుముక్క ఉంది. గూడూరులో మేనమామ రైల్వే గ్యాంగులో మేస్త్రీ. నెలాఖరు లోపల వస్తే పనిలో పెట్టిస్తానని రాయించాడు.

"అయివోరా, కంకణం విప్పీయ్. నేను పోతా."

"పండగ లేకుండా విప్పేది యాడుండాది రా? ఇంకా నాలుగు నెల్లే."

"నాలుగు నెల్లు నేను నిలవను. పొద్దున లేస్తే ఆ వాసనే. పాకం కాడ కూసున్నా అదే వాసన. ముందంతా కొండకు పోవాల, ఇప్పుడు ఈది దాటితే సాలు. నా కాళ్లు వాటంతట అవే పోతా ఉండాయి. పట్టుకుంటా ఉండా. ఎన్ని దినాలు పట్టుకుంటా?"

"కంకణం ఉండాది కదరా నీకు!"

"ఉండాది" అన్నాడు చిన్నబ్బ. "అయినా అడగతా ఉండా."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం గురప్పకు మళ్లీ రాలేదు. పిల్లవాడు తనంతట తానే వచ్చాడు. ఇక్కడుంటే పడిపోతాను, పంపించు అన్నాడు. ముప్పై ఏళ్లలో ఒక్క తాగుబోతూ ఆయనను అలా అడగలేదు. నిజం చెప్పి, ఆ రోజే ఓబయ్య చేత విప్పించి పంపేస్తే సరిపోయేది. కానీ నిజం చెప్పాలంటే, అమ్మవారి గొంతు తనదేనని ఊరందరి ముందూ ఒప్పుకోవాలి. ఇరవై ఊళ్ల భారతం పోతుంది. తల్లులు కళ్లకద్దుకున్న తాడు ఉత్త తాడైపోతుంది. గురప్ప తల ఊపి, పెద్దరికం నిండిన గొంతుతో, "అమ్మ మాట మీరకూడదు రా. పోయి పని సూసుకో" అన్నాడు.

చిన్నబ్బ కార్డుముక్క మడిచి మొలలో దోపుకుని వెళ్లిపోయాడు. లోపలి నుంచి కుప్పమ్మ బయటికి వచ్చి మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు తిట్టుకన్నా ఘోరంగా ఉంది.

పన్నెండు రోజులు పట్టుకున్నాడు పిల్లవాడు. పదమూడో రోజు మధ్యాహ్నం గానుగ దగ్గర బెల్లం మాడిన కంపు ఊరంతా కొట్టింది. జనం పరుగెత్తి చూస్తే బాన నల్లగా ఉడుకుతోంది, చిన్నబ్బ ఎదుటి దుకాణం అరుగు మీద పడి ఉన్నాడు. కంకణం కట్టిన చేతిలోనే ముంత ఉంది.

మామూలుగా తాగి ఉంటే ఎవరికీ పట్టేది కాదు. కంకణంతో తాగాడు! అదే వారంలో ఊళ్లో రెండు ఆవులు చచ్చాయి. ఇంకేం కావాలి? మరునాడు పొద్దున ద్రౌపదమ్మ గుడి ముందు ఊరు కూడింది. చిన్నబ్బను గోడ పక్కన కూర్చోబెట్టారు. వాడు తల ఎత్తలేదు. ఆ ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వకూడదని, నీళ్లు తోడనివ్వకూడదని, పని చెప్పకూడదని పెద్దలు తీర్పు చెప్పారు. సుబ్బులమ్మ నేలమీద పడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ జనంలో గురప్ప కోసం వెతికింది.

గురప్ప వెనక వరసలో ఉన్నాడు. రాత్రంతా ఆయనకు కోపమే. సర్కారు మీద కోపం, దుకాణం వాడి మీద కోపం, నాలుగు నెలలు ఆగలేని ఈ వెధవ మీద కోపం. అందరినీ తిట్టుకుని, తిట్టుకుని, తెల్లవారేసరికి తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. తానొక్కడే మిగిలాడు. ముందుకు నడిచాడు.

"వాడు తప్పు సెయ్యలేదు. ఆ పొద్దు అమ్మ పలకలేదు. నేనే పలికినా."

ఎవరూ నమ్మలేదు. చూడండి ఈ లోకం తీరు! అబద్ధమాడిన రోజున మూడు వందల మంది మొక్కారు, నిజం చెబితే ఒక్కడూ నమ్మడు. "పిల్లోని మింద ప్రేమతో అంటా ఉండాడు పాపం" అన్నారు. ఓబయ్య కూడా, "ఊరుకో అయివోరా, అమ్మ మింద అబద్ధాలు సెప్పద్దు" అని చెయ్యి పట్టుకుని లాగాడు.

గురప్పకు ఒళ్లు మండిపోయింది. ఓబయ్య చెయ్యి విదిలించుకుని, జుట్టు విప్పి, పట్టపగలు, తాళం లేదు, మేళం లేదు, ఆ మట్టిలోనే దభీమని పడ్డాడు. లేచాడు. అరిచాడు.

"విప్పద్దు! నా అర్జునుడి కంకణం విప్పద్దు!"

అదే గొంతు. ఆడవాళ్లు గబుక్కున చేతులు జోడించారు. ఒక ముసలామె, "తల్లీ!" అంటూ సాగిలపడింది. గురప్ప మొహం మీది మన్ను పంచెతో తుడుచుకుని, తన మామూలు గొంతుతో అన్నాడు.

"లెయ్ అవ్వా. నేనే, గురప్పను. మల్లీ కావాలంటే మల్లీ పలుకుతా. ఎన్నిసార్లు పలకమంటారు?"

ఆ ముసలామె లేచి, మట్టి దులుపుకుని, ఆయన మొహాన ఉమ్మింది. ఆయన తుడుచుకోలేదు. ఓబయ్య ఆయన రెండు చెంపలూ వాయించాడు. ఇంకెప్పుడూ ఈ గుడి ఛాయలకు రావద్దన్నారు. ఈ ఊరే కాదు, ఏ ఊళ్లోనూ వేషం కట్టించనివ్వమన్నారు. అన్నట్టే చేశారు. గురప్ప బతికినన్నాళ్లూ మళ్లీ భారతం ఆడించలేదు. తర్వాతి కాలమంతా పలకలు పట్టిన పిల్లలకు ఎక్కాలు చెప్పుకుని బతికాడు.

ఆ పూటే ఓబయ్య చిన్నబ్బ కంకణం కోసి అవతల పారేశాడు, పెద్దలు ఆ ఇంటి మీది వెలి ఎత్తేశారు. మరునాడు పొద్దున చిన్నబ్బ బట్టల మూట సర్దుకున్నాడు. పుత్తూరు రైలుస్టేషన్‌కు పోయే బండి రోడ్డు మీద ఆగి ఉంది. గురప్ప వెంట నడిచాడు. పిలవకుండానే వెళ్లాడు. దుకాణం ముందు నుంచే పోవాలి. ఇద్దరూ తల తిప్పకుండా దాటారు. దాటాక చిన్నబ్బ నిలబడ్డాడు.

"అయితే ఆ తొమ్మిది నెల్లు దాంట్లో ఏమీ లేదు."

"లేదు."

"నేనే ఉన్నా."

"నువ్వే ఉన్నావు రా. దసరాకు నువ్వే, దీపావళికి నువ్వే. దుకాణం ముందర పన్నెండు దినాలు కాళ్లు పట్టుకున్నది నువ్వే."

చిన్నబ్బ మొహం ఎర్రబడింది. సంతోషంతో కాదు. వాడికి అంత కోపం రావడం గురప్ప ఎప్పుడూ చూడలేదు.

"ఊరూరి తల్లులకు నా సెయ్యి ఎత్తి సూపించినావే! ఒక్కపారి, ఒక్కపారన్నా, వీడే మానినాడు అని సెప్పినావా? నేనూ ఆ తాడే అనుకుంటిని. మొన్న తాగేటప్పుడు కూడా, తాడే నన్ను ఇడిసిపెట్టేసింది అనుకుంటిని. ఎందుకు సెప్పలేదు?"

గురప్పకు నూరు జవాబులు తోచాయి. నీ మేలు కోరి చేశానని, మీ అమ్మ చెయ్యి చూసి చేశానని, నా తమ్ముడు పోయాడని. అన్నీ నిజాలే. ఏదీ జవాబు కాదు.

"నమ్మలేదు రా నిన్ను. తాడును నమ్మినా."

బండివాడు కేకేశాడు. చిన్నబ్బ మూట భుజాన వేసుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు? గూడూరులో కూడా దుకాణం ఉంటాది. ఇప్పుడు నమ్ముతావా?"

నమ్ముతానని చెప్పి పంపవచ్చు. ముప్పై ఏళ్లు వేషాలు కట్టించిన నోటికి అది పెద్ద పనేమీ కాదు.

"బయంగా ఉండాది రా" అన్నాడు గురప్ప.

చిన్నబ్బ ఆయన వైపు చూశాడు. కోపం అలాగే ఉంది. కానీ చూపు తిప్పుకోలేదు.

"నాకూ బయంగానే ఉండాది అయివోరా" అని, బండెక్కి కూర్చున్నాడు.